ఖాళీ కుర్చీకి ఒక టీ

కృష్ణా డెల్టా చరిత్రను ఆనకట్టకు ముందు, ఆనకట్ట తరువాత అని రెండుగా విడదీయడం పండితుల ఆచారం. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో, రెండువేల సంవత్సరం దాటాక వెలిసిన వీడియో కోర్సు చరిత్రను మాత్రం, బసవపున్నయ్య మాస్టారు ఖాళీ కుర్చీకి టీ చెప్పక ముందు, చెప్పిన తరువాత అని విడదీయాలి.

టీ ఒక్కటే కాదు, దానికి సకల మర్యాదలూ జరిగేవి. ఎడిటింగ్ గదిలో బల్ల వెనక మాస్టారు, ఆయన పక్కనే పాత పేము కుర్చీ. అందులో ఎవరూ కూర్చోకూడదు. ఎవరు ఏ వీడియో తీస్తామన్నా ముందు దాన్ని ఒప్పించాలి. "మీరేమంటారండీ?" అని మాస్టారు అటు తిరిగి అడిగేవారు. కాసేపు శ్రద్ధగా వినేవారు. "నేనూ అదేనండీ అనుకుంటున్నా" అని తలూపేవారు.

కిటికీలకు నల్లతెరలు. పట్టపగలే చీకటి. మానిటర్ నీలిరంగు వెలుతురులో ఆ కుర్చీ అల్లిక మధ్యలో చిన్న పల్లం కనిపించేది, ఎవరో బరువుగా కూర్చున్నట్టు.

"పాత లైబ్రేరియన్ గారు అందులో కూర్చునే పోయారటే," అన్నాడు కెమెరా పట్టే చక్రి. "చేతిలో పుస్తకం చేతిలోనే ఉందిట."

"నోర్మూసుకోరా!" అంది అఫ్సా.

ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడేది చక్రి ఒక్కడితోనే. నలుగురు కనపడితే గొంతు పెగలదు. కానీ ఆ ఏడాది వీడియో తనే తీయాలని మహా ఆశ. అది ఎవరికోసమో, ఎంతవుతుందో ప్రిన్సిపాల్ గారి కమిటీ ముందు నోరు తెరిచి చెప్పాలి. చెప్పలేకపోతే కెమెరా వేరే జట్టుకు పోతుంది.

"ఏం తీస్తావమ్మా?" అన్నారు మాస్టారు.

"బెంజ్ సర్కిల్ రోడ్డు ఎలా దాటాలో, సార్."

"ఎవరికోసం?"

"అందరికీ సార్..." మాట చివరికొచ్చేసరికి గాలిలో కలిసిపోయింది.

కుర్చీ కిర్రుమంది.

అఫ్సా ఒక అడుగు వెనక్కి వేసింది.

"వారికి వినపడలేదట," అన్నారు మాస్టారు అతి గంభీరంగా. "పైగా అందరూ అంటే ఈ కుర్చీలో పట్టరు. ఒక్క మనిషిని చెప్పు."

ఆనాటి నుంచి అదే తంతు. గొంతు తగ్గితే కిర్రు. మధ్యలో ఆగితే కిర్రు. అన్నిటికంటే ఒళ్ళు జలదరించే సంగతి మరొకటి. అటెండరు ఆమోసు రెండు టీలు తెచ్చి, ఒకటి మాస్టారి ముందు, ఒకటి కుర్చీ ముందు పెట్టేవాడు. అఫ్సా తన కాగితాల్లోంచి తలెత్తేసరికి రెండోదీ ఖాళీ. ఆమోసు ఏమీ ఎరగనట్టు గ్లాసులు తీసుకుపోయేవాడు.

ఒకరోజు భయం ముదిరి, ఆమె కుర్చీకేసి గట్టిగా చెప్పేసింది. "మా అమ్మీ కోసమండీ! గన్నవరం బస్సు దిగి, టిఫిన్ క్యారియర్ పట్టుకుని అటు ఒడ్డునే నిలబడిపోతుంది. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటేగాని దాటదు."

"మరి బడ్జెట్లో కెమెరా పైకెత్తే ఈ క్రేన్ ఎందుకు?" అన్నారు మాస్టారు.

"పైనుంచి సర్కిలంతా చూపిద్దామని..." అంటూ ఆమె ఆగింది. "అమ్మీ పైనుంచి చూడదు కదా సార్. రోడ్డు పక్క నుంచి చూస్తుంది."

"కొట్టెయ్."

క్రేన్ పోయింది. దాని వెంట జనరేటరూ, దాని మనుషులూ పోయారు. బడ్జెట్ సగానికి సగం చిక్కిపోయింది. కుర్చీ కిమ్మనలేదు. ఆ నిశ్శబ్దానికి అఫ్సా మరింత భయపడింది.

కమిటీ రోజున మాస్టారు కుర్చీని ప్రిన్సిపాల్ గదికి మోయించారు.

"ఇదెందుకండీ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ప్రేక్షకులండీ," అన్నారు మాస్టారు వినయంగా.

ఆమోసు దాన్ని కాస్త ఎడంగా, గోడవారగా వేశాడు. అఫ్సా లేచి రెండు ముక్కలు చెప్పింది. గొంతు ఆగిపోయింది. కిర్రుమనడం కోసం ఎదురుచూసింది. కిర్రుమనలేదు. భయంభయంగా అటు చూసింది.

బల్ల కింద మాస్టారి చెప్పు పక్కన పడి ఉంది. ఆయన కాలు సాధ్యమైనంత దూరం సాగి, బొటనవేలు కుర్చీ కోడు కోసం గాలిలో తడుముకుంటోంది. బల్ల పైన ముఖం మాత్రం మహా ప్రశాంతంగా ఉంది.

అఫ్సాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వు వెనకాలే గొంతూ వచ్చింది. కుర్చీని వదిలి ప్రిన్సిపాల్ గారి కళ్ళలోకే చూస్తూ, అమ్మీ నుంచి కొట్టేసిన క్రేన్ దాకా అంతా చెప్పేసింది.

"పూర్తయ్యాక నాక్కూడా చూపించమ్మా," అన్నారు ఆవిడ సంతకం పెడుతూ. "నేనూ ఆ రోడ్డు ఆటో ఎక్కే దాటుతున్నాను."

బయటికొచ్చాక అఫ్సా అడిగింది. "కుర్చీలో ఎవరూ లేరు కదా సార్?"

"అంత మాటనకు, వింటారు."

"మీ కాలు చూశాను సార్."

"కాలు సంగతి సరే. మరి టీ ఎవరు తాగినట్టు?" అనేసి, మాస్టారు చెప్పులు టపటపలాడిస్తూ వెళ్ళిపోయారు.

అఫ్సా వరండాలో బిగుసుకుపోయింది. వెనక ఏదో కిర్రుమంది. ఉలిక్కిపడి తిరిగితే, కుర్చీ నెత్తిన పెట్టుకుని ఆమోసు. అందులో పోయారన్న లైబ్రేరియన్ గారి సంగతి అతన్నే అడిగేసింది.

"లైబ్రేరియన్ గారా? గుడివాడలో శుభ్రంగా ఉన్నారమ్మా. మొదటిరోజు క్లాసులో నువ్వు పేరు చెప్పలేక ఏడ్చావు చూడు, ఆ మర్నాడే సార్ దీన్ని అటక మీంచి దింపించారు."

"మరి ఆ రెండో టీ?"

"సార్ కి షుగరమ్మా," అన్నాడు ఆమోసు గొంతు తగ్గించి. "ఆయన టీలో పంచదార వేయరు. కుర్చీ టీలో మాత్రం వేస్తారు."