కనుమ దారిలో సైకిలు గాలి

నిడుగల్లు కోట ఉన్న కొండకు ఇవతల మా ఊరు. ఊళ్లో బోరు ఉండేది గానీ ఆ నీళ్లు చవుడు. వాటితో పప్పు ఉడికేది కాదు. పిల్లల పళ్ల మీద పసుపు చారలు చూసి చూసి, మా అత్త ఆ నీళ్లను పశువులకూ గిన్నెలు కడగడానికీ తప్ప వాడనిచ్చేది కాదు. మంచినీళ్లకు చిన్న కనుమ ఎక్కి దిగి, అవతల నీళ్లు లేని వంకలో ఇసుక దాటి, ఒక తోటబావికి పోవాలి. తోటవాళ్లు ఎవరినీ వద్దనేవాళ్లు కాదు. పోయి రావడమే కష్టం.

వానలు వరసగా మోసం చేసిన ఏళ్లవి. ఒక్క వాన పదునుకు వేరుశనగ విత్తి, మొలక వచ్చాక మళ్లీ చినుకు లేక, ఆకు ముడుచుకుంటుంటే చూస్తూ కూర్చునే రోజులు. చేలో పని లేదు గనుక నీళ్లే పని. మా ఆయన సైకిలు క్యారియర్‌కు అడ్డంగా ఒక కర్ర కట్టి, అటు రెండు ఇటు రెండు ప్లాస్టిక్ బిందెలు వేలాడదీసి పొద్దున్నే పోయేవాడు. బయలుదేరే ముందు టైర్లకు గాలి కొట్టేవాడు. బొటనవేలితో నొక్కి, అది ఏమాత్రం లోపలికి పోయినా మళ్లీ కొట్టేవాడు.

"టైరు రాయి మాదిరి ఉండల్ల. అప్పుడే సైకిలు సులువుగా పోతాది" అనేవాడు. పావగడ పోయే తారు రోడ్డు మీద అది నిజమే. అక్కడే ఆయన సైకిలు నేర్చుకున్నాడు మరి.

కనుమ నుంచి ఊరి వైపు దిగే దారి తారు రోడ్డు కాదు. పైన గరుకు నేల, దాని మీద గుండ్రటి రాళ్లు, మధ్యలో ఎప్పటివో వాన కోసిన చాళ్లు. ఒకరోజు నిండు బిందెలతో దిగుతుండగా ముందు చక్రం ఒక రాయి మీద నుంచి ఎగిరి ఇంకో రాయి మీద పడింది. అక్కడ నిలవలేదు, జారింది. ఆయన కుడిచేయి కిందపెట్టి పడ్డాడు. మేకలు తోలుకుని వచ్చేవాళ్లు చూసి ఇంటికి తీసుకొచ్చారు. మణికట్టు వంకర తిరిగి ఉంది. ఎముకలు కట్టే పెద్దాయన వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టి, చేయి కదపొద్దని చెప్పి పోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కుండ అడుగున ఉన్న నీళ్లు పిల్లలకే సరిపోయాయి.

పుట్టింట్లో ఉన్నప్పుడు మా అన్న సైకిలు మీద తొక్కడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక ఎప్పుడూ ముట్టుకోలేదు. మా ఊళ్లో ఆడవాళ్లు సైకిలు ఎక్కేవాళ్లు కాదు. మరునాడు పొద్దున కుచ్చెళ్లు పైకి దోపుకుని సైకిలు బయటికి తెస్తుంటే వీధిలో అందరూ పని ఆపి నిలబడ్డారు. నా కాళ్లు ఆగిపోయాయి.

వెనక నుంచి మా అత్త అరిచింది. "చూసేవాళ్లు నీళ్లు తెచ్చిస్తారేమే? ఎక్కి పోమ్మా నువ్వు."

ఎక్కి పోయాను.

వెళ్లేటప్పుడు ఖాళీ బిందెలు గనుక బాగానే ఉంది. నింపుకుని తిరిగి వచ్చేటప్పుడు తెలిసింది. వంకలో ఇసుక. గట్టి టైరు ఇసుకలో కత్తి దిగినట్టు దిగిపోయేది. నెట్టి నెట్టి నడుము పట్టేసింది. కనుమ పైకి కూడా నెట్టడమే. దిగువకు ఎక్కి తొక్కబోతే ప్రతి రాయీ నేరుగా నా భుజాల్లోకి వచ్చింది. బిందెల మూతులకు గుడ్డలు కట్టినా నీళ్లు ఎగిరి నా వీపు తడిపాయి. ఇల్లు చేరేసరికి బిందెలు సగానికి వచ్చాయి. అరచేతులకు స్పర్శ లేదు. అన్నం ముద్ద పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియలేదు.

కొన్నాళ్లు అలాగే గడిచింది. ఒకరోజు బావి దగ్గర కూర్చుని, ఇక ఇట్లా కాదనుకుని, వాల్వు మర వదులు చేసి రెండు టైర్ల నుంచీ గాలి వదిలాను. ఎంత వదలాలో తెలియదు. టైరు మెత్తబడేదాకా వదిలాను. ఇసుకలో సైకిలు నడిచింది! మునగకుండా, పైపైన. కనుమ దిగేటప్పుడు కూడా దూది మూట మీద కూర్చున్నట్టు ఉంది. నేను నవ్వుకున్నాను కూడా. సగం దిగానో లేదో, వెనక చక్రం కింద ఠక్కుమని ఇనుము రాయికి కొట్టుకున్న చప్పుడు. ఆ వెంటనే బుస్సుమని గాలంతా పోయింది.

నీళ్లు పారబోస్తే సైకిలు తేలికయ్యేది. పారబోయడానికి మనసు రాలేదు. నెట్టుకుంటూ, ఆగుతూ, మళ్లీ నెట్టుకుంటూ వచ్చాను. దారిలో ఒక బండ మీద కూర్చుని ఏడ్చాను. ఎవరి మీదా కోపం లేదు. అలసట అంతే.

ఊరి మొదట్లో మా ఆయన ఎదురొచ్చాడు. చేయి మెడకు వేలాడుతోంది. మిగిలిన చేత్తో వెనక నుంచి నెట్టాడు. ఇంటి దగ్గర ట్యూబు తీసి నీళ్ల గిన్నెలో ముంచితే పక్కపక్కనే రెండు చోట్ల బుడగలు వచ్చాయి.

"ముల్లయితే ఒగే బొక్క పడతాది. ఇదేందిప్పా రెండు గాట్లు?" అన్నాను.

ఆయన చాలాసేపు ట్యూబును వేళ్ల మధ్య తిప్పాడు. "రాయికీ రిమ్ముకీ మధ్య నలిగిండాది. గాలి లేకపోయేసరికి బరువంతా రిమ్ము మీద కూర్చుండాది" అన్నాడు. ట్యూబు పక్కన పెట్టి, "నేను పడింది గాలెక్కువై. నీకు పంచరైంది గాలి తక్కువై" అన్నాడు.

చేయి విరిగాక ఆయన అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునే మనిషి, ఆ మరునాడు నేను పంచరు వేయించుకొచ్చాక వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. సైకిలుకు నీళ్ల బిందెలు తగిలించమన్నాడు. చవుడు నీళ్లే నింపాం. వాకిట్లో ఒక రాయి పెట్టి, దాని మీదుగా సైకిలు నెట్టమన్నాడు. తాను నేల మీద బోర్లా పడుకుని, చెంప మట్టికి ఆనించి, టైరు ఎంత అణుగుతుందో చూశాడు.

"ఇంగ రోంత గాలి కొట్టల్ల. మళ్లా నెట్టు."

మళ్లీ నెట్టాను. ఎదురింటివాళ్లు నవ్వారు. మా అత్త తల కొట్టుకుంది. "చెయ్యి ఇరగ్గొట్టుకున్నోడు తల గూడా చక్రం కింద పెట్టినాడు సూడు!"

వెనక చక్రం మీదే బరువంతా ఉంది గనుక దానికి గాలి ఎక్కువ ఉండాలి, రాయి మీద ఎక్కినా రిమ్ము తగలనంత. ముందు చక్రానికి తక్కువ చాలు, అది రాయి మీద కాస్త అణిగితేనే ఎగరదు. ఇదంతా ఆ వాకిట్లోనే తేలింది. కానీ ఆ 'తక్కువ' ఎంతో ఎట్లా గుర్తుంచుకోవడం? ఆయన ఎడమ బొటనవేలితో నొక్కి చాలన్నాడు. నేను నొక్కితే నాకు మెత్తగా తోచింది.

"నా ఎడమ చేతికి బలం ల్యా. అందుకే గట్టిగా అనిపిస్తాండాది. నువ్వు నొక్కి చెప్పు. తొక్కేది నువ్వు గదా" అన్నాడు. అలా అనడం ఆయనకు సులువు కాదని నాకు తెలుసు. నేను తల వంచుకుని టైరు నొక్కుతూ ఉండిపోయాను.

ఆ రోజు నుంచి ముగ్గురం కలిసి గాలి కొట్టేవాళ్లం. నీళ్లు మోసి మోసి నా చేతులు లేచేవి కావు. ఆయనకు ఒక్క చేయే ఉంది. పంపు పిడికి ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుంటే, అత్త గొణుగుతూ పైపు కొసను వాల్వుకు అదిమి పట్టేది. ఎండకు కూడా గాలి పెరుగుతుందని తర్వాత తెలిసింది. బావి దగ్గర సైకిలు ఎండలో పెడితే పొద్దున సరిగ్గా ఉన్న టైరు నీళ్లు తోడేసరికి బిగుసుకునేది. అందుకని కానుగ చెట్టు నీడన ఆనించేదాన్ని.

గాలి కుదిరింది గానీ దారి తగ్గలేదు. అదే ఎక్కుడు, అదే దిగుడు. పొద్దున కుండలో నీళ్లు పోస్తే సాయంత్రానికి అయిపోయేవి. కలలో కూడా హ్యాండిలు పట్టుకునే ఉండేదాన్ని. చేలో వేరుశనగ మొక్కలు పీకి మేకలకు వేశాం.

కట్టు విప్పాక చేయి కొంచెం వంకరగానే అతుక్కుంది. ఒక పొద్దున ఆయన నాతో కనుమ దాకా వచ్చి, తిరిగి వచ్చేటప్పుడు దిగువకు తాను తొక్కుతానన్నాడు. నేను నీళ్లతో కనుమ మీదికి తిరిగి వచ్చాక సైకిలు ఎక్కాడు. ఒక కాలు నేల మీదే ఉంది. దారి వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు.

"నాతో కాలేదమ్మే" అన్నాడు దిగుతూ.

"కాకపోతే ఏమాయె. పక్కన నడుచు" అన్నాను.

నిజానికి ఆయన చేయి బాగైతే నేను ఇంట్లో కూర్చోవచ్చని రోజులు లెక్కపెడుతూ వచ్చాను. కానీ ఆయన ముఖం చూశాక ఆ మాట అనలేకపోయాను. ఆయన మళ్లీ ఎన్నడూ ఆ దారిలో సైకిలు తొక్కలేదు. దిగువకు నా పక్కనే క్యారియర్ పట్టుకుని నడిచేవాడు. ఇసుకలో వెనక నుంచి నెట్టేవాడు.

పంటకు పనికిరాని కాలంలో ఒకనాటి మధ్యాహ్నం వాన వచ్చింది. మేం కనుమ మీద ఉన్నాం, నాలుగు బిందెలూ నిండా ఉన్నాయి. దారి క్షణంలో జారుడైంది. నేను దిగిపోయాను. ఇద్దరం చెరో పక్కన పట్టుకుని, బ్రేకు నొక్కుతూ, తడుస్తూ దించుకొచ్చాం.

"పారబోద్దామా? వానొస్తాండాది గదా" అన్నాడు ఆయన.

"వద్దు" అన్నాను. బ్రేకు ఇంకా గట్టిగా నొక్కాను.

ఇంటి దగ్గర అత్త ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ చూరు కింద వరసగా పెట్టింది. అవన్నీ నిండిపోతున్నాయి. నేను చీర మార్చుకుని, తల తుడుచుకోకుండానే చాప మీద వాలాను. పశువులకు గడ్డి వస్తుందిలే అని ఆయన ఎవరితోనో చెబుతున్నాడు. మరునాడు నీళ్లకు పోనక్కరలేదన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. పొద్దు గూకేదాకా నన్నెవరూ లేపలేదు.