ముట్టొద్దన్న ఇనుము

విశాఖ తీరంలోని మా సైనిక శిబిరానికి నేను చేరింది అక్టోబరులో, మిట్టమధ్యాహ్నం. ఎదురుగా సముద్రం. వెనక ముళ్లకంచె. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి ఉప్పుగాలి. ట్రంకు దించకముందే సుబేదార్ నన్ను షెడ్డుకు తీసుకెళ్లి పాత అంబులెన్స్ చూపించారు.

"తుపాన్ల కాలం. మనకున్నది ఇదొక్కటే. బాగుచేసి రంగు వెయ్యి."

నేను వాహనాల మెకానిక్‌ని. సుత్తితో తట్టాను. మంచి రేకు ఖంగుమంటుంది. ఇది బొదబొదమంది. పైన రంగు నున్నగానే ఉంది, కింద అంతా తుప్పు పొక్కులే. బండి లోపలి నేల మీద స్క్రూడ్రైవర్ ఆనిస్తే అవతలికి దిగిపోయింది. ఈ నేల మీద స్ట్రెచర్ పెడితే మనిషి రోడ్డు మీద పడతాడు.

కుళ్లిన రేకు కోసేశాను. కొత్త ముక్క వెల్డింగ్ చేశాను. లోపలి గోడలను వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో తెల్లగా మెరిసేదాకా గీకాను. తుప్పు తీసే మందు రాసి, మంచినీళ్లతో కడిగి, తుడిచి ఆరబెట్టాను. ఇక రంగుకు ముందు పూసే ప్రైమర్ పడాలి. అంతవరకూ ఆ ఇనుముకు గాలీ గండమే, చేతి చెమటా గండమే.

ఈ మాట నేను ఎక్కువసార్లు చెప్పింది మా వంటవాడికి. ఆ ఒడ్డునే పుట్టిన జాలరి కుటుంబం మనిషి. మొదటి రోజే నన్ను బావా అన్నాడు. టీ తెచ్చినప్పుడల్లా గోడకు చెయ్యి ఆనించబోయేవాడు.

"ముట్టకురా! వేలు పడ్డచోటల్లా తుప్పు లేస్తుంది."

"ఏటి బావా, కొత్త పెళ్లికూతుర్ని దాసినట్టు దాత్తన్నావ్!"

ప్రైమర్ డబ్బా మూత తీసేసరికి వాన మొదలైంది. తడిగాలిలో ప్రైమర్ పట్టదు. విసుక్కుంటూ మూత పెట్టేశాను. మర్నాడు ఉదయం ఈదురుగాలికి వంటశాల కప్పు రేకు ఊడివచ్చి వంటవాడి తొడ కోసేసింది. ఎన్ని గుడ్డలు కట్టినా నెత్తురు ఆగలేదు.

"బండెక్కించండి," అన్నారు సుబేదార్.

"నేల మీద ఇంకా బరువు పెట్టి చూడలేదు సార్."

"ఎక్కించండి."

స్ట్రెచర్ మీద వాడు రెండు చేతులూ గుండెల మీద ముడుచుకున్నాడు. పెదాలు పాలిపోయాయి.

"నీ ఇనుం నాను ముట్టను బావా. బయపడకు."

బండి వెళ్లింది. నేను వైర్‌లెస్ ముందు కూర్చున్నాను.

"ఎక్కడున్నారు? ఓవర్."

"దారికడ్డంగా సెట్టు పడిపోనాది. సుట్టూ తిరిగి ఎల్తన్నాం. ఓవర్." డ్రైవర్ గొంతు.

"నేల ఎలా ఉంది? ఓవర్."

గరగర. తర్వాత ఏమీ లేదు. ఆ గరగరలో నా వెల్డింగ్ అతుకులు ఒక్కొక్కటీ వీడుతున్నట్టే వినిపించింది. తెచ్చిపెట్టిన అన్నం ముట్టలేదు. ఎవరు పలకరించినా కసిరాను. పొద్దుగూకే వేళకు మళ్లీ డ్రైవర్ గొంతు.

"ఆస్పత్రిలో జేర్సేసినాం. బతుకుతాడంతన్నారు. నేల కదల్నేదు. ఓవర్."

టోపీతో ముఖం కప్పుకుని ఏడ్చాను.

మర్నాడు బండి తిరిగొచ్చింది. వెనక తలుపు తెరిచాను. స్ట్రెచర్ పక్క గోడ మీద తుప్పు లేచింది. ఎర్రగా ఒక అరచెయ్యి, ఐదు వేళ్లు. వేళ్లు కిందికి జారిన గీతలు కూడా ఉన్నాయి. చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఎమరీ పేపర్ తీసుకుని అదంతా గీకేశాను. ఎండ కాసిన రోజు చూసి ప్రైమర్, ఆపైన రంగు వేశాను.

వాడు చేతికర్రతో తిరిగొచ్చేనాటికి నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. బండి లోపలికి తొంగిచూసి గోడ తట్టాడు.

"ముట్టనేదు కదా బావా?"

"లేదురా."

"మరేటనుకున్నావ్! మాటంటే మాటే."

ఇప్పుడు రిటైరై ఇంటి దగ్గరే ఉంటున్నాను. తెలిసినవాళ్లు పాత కార్లు తెచ్చి ఏ రంగు మంచిదని అడుగుతారు. రంగు సంగతి తర్వాత, గీకిన రేకును చేత్తో ముట్టకండి అంటాను. అలా అన్న ప్రతిసారీ ఆ ఐదు వేళ్లు, కిందికి జారుతూ, నా కళ్ల ముందుకు వస్తాయి.