సంతకం పడని ప్రూఫులు

1947 ఏప్రిల్‌లో చిత్తూరు బజారు వీధిలోని ఒక అచ్చాఫీసులో నన్ను ఫోర్మన్‌గా నియమించారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు, కంపోజిటర్‌గా ఏడేళ్ల అనుభవం. ఆ వయసుకు అది పెద్ద హోదాయే. కోర్టులో బంట్రోతుగా ఉన్న మా నాయన ఆ సాయంత్రం వీధిలో ఎదురైన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పుకొని వచ్చాడు. ఆ కుర్చీ ఎలా ఖాళీ అయిందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

అది మునసామన్న కుర్చీ. నాకు పని నేర్పింది ఆయనే. ఆ ఏడాది ఊళ్లోని అచ్చాఫీసుల పనివాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. మునసామన్న దానికి కార్యదర్శి. సంఘం అడిగినవి మూడే: వారానికొక రోజు జీతంతో సెలవు, ఎవరినైనా తీసేస్తే కారణం రాసి ఇవ్వడం, మధ్యాహ్నం అన్నానికి ముందు చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు. టైపు సీసంతో పోతపోసింది. పొద్దంతా దాన్ని పట్టుకున్న వేళ్లతో అన్నం కలుపుకుంటే ఆ సీసం కడుపులోకి పోతుంది. మా యజమానిని అందరం మొదలాళి అనేవాళ్లం. ఆయన మొదటి రెండూ చదివి మొహం చిట్లించాడు, సబ్బు దగ్గరికొచ్చి పకపకా నవ్వాడు. ఆ కాగితం అందిన రోజే మునసామన్నను తీసేశాడు, కారణం రాసివ్వకుండానే.

నేను సంఘంలో చేరలేదు. 'వచ్చే నెల చూద్దాంలే అన్నా' అంటూ మూడు నెలలు గడిపాను. మొదలాళి నన్ను ఎంచుకోవడానికి నా పనితనం కన్నా అదే పెద్ద కారణమని నాకు తెలియక కాదు. మిగతా ముగ్గురు కంపోజిటర్లు సంఘంలోనే ఉన్నారు. వాళ్లు పని మానేస్తామంటే మునసామన్నే వద్దన్నాడట, తనొక్కడి ఇంట్లో పస్తులు చాలునని. ఆయనకు నలుగురు పిల్లలు. ఈ పని తప్ప ఆయనకు వేరే పని రాదు. ఊళ్లో ఉన్న మరో అచ్చాఫీసు కోర్టు ఫారాలు, కరపత్రాలు మాత్రమే వేసే చిన్నది. అక్కడ ఖాళీ లేదు.

ఇక్కడ మా పని పద్ధతి కాస్త చెప్పాలి. గడుల పెట్టెలోంచి ఒక్కొక్క అక్షరమే ఏరి కూర్చడం కంపోజిటర్ పని. కూర్చిన దానికి సిరా పూసి, ఒక కాగితం మీద అచ్చుతీసి, పని ఇచ్చిన మనిషికి చూపిస్తాం. అది ప్రూఫు. ఆ మనిషిని మేం పార్టీ అంటాం. పార్టీ తప్పులు చూసుకొని, కింద 'అచ్చు వేయవచ్చు' అని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడందే ఫోర్మన్ దాన్ని యంత్రం ఎక్కించకూడదు. అచ్చు అయిపోయాక అక్షరాలను విడదీసి మళ్లీ గడుల్లో వేస్తాం. దాన్ని టైపు పంచడం అంటాం. అంతవరకూ ఆ అక్షరాలు మరో పనికి అక్కరకు రావు.

నేను ఫోర్మన్ అయ్యేసరికి పెళ్లిళ్ల కాలం. మొదట వచ్చింది మిషన్ బడి టీచరు ఎస్తేరమ్మ గారి చెల్లెలి పెళ్లి కార్డు. కొత్త ఫోర్మన్ మొదటి కార్డు గదా అని నేనే కూర్చాను. చుట్టూ పూల అంచు, పేర్లకు పెద్ద టైపు, ఎక్కడా ఒక్క తప్పు లేదు. మరునాడు ఆమె వస్తే ప్రూఫు చేతికిచ్చి, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను.

ఆమె రెండుసార్లు చదివింది. "ఎవురు కూర్చినారు నాయనా?" అని అడిగింది.

నేనేనన్నాను.

"మునసామి యాడ?"

నేను మొదలాళి గది వైపు చూశాను. ఆమె నెమ్మదిగానే మాట్లాడింది గానీ అందరికీ వినబడింది.

"ఆయన బిడ్డలిద్దరు నా తరగతిలోనే సదువుతాండారు. ఆయన్ని ఎందుకు తీసేసినారో నాకు తెలుసు. నువ్వు బాగానే కూర్చినావు, నీ మీద నాకు కోపం లేదు. ఆయన మళ్లా పనిలోకి వచ్చిన దినం సంతకం పెడతాను."

ప్రూఫు మడిచి సంచిలో పెట్టుకొని వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం లేదు అనడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మొదలాళి దాన్ని లెక్క చేయలేదు. కార్డు లేకుండా పెళ్లి ఎలా చేస్తుంది, రెండు రోజుల్లో ఆమే వస్తుంది అన్నాడు. ఆమె రాలేదు. మూడో రోజు వేరుశనక్కాయల వ్యాపారి చెంగల్‌రెడ్డి వచ్చాడు. ఆయన మాట వీధి మొదట్లోంచే వినిపిస్తుంది. కొడుకు పెళ్లి కార్డు ప్రూఫు చూసి, "శానా బాగుండాదప్పా! పేర్లు సూడు, ఎంత నిండుగా ఉండాయో!" అని ఆఫీసంతా మోగేలా మెచ్చుకున్నాడు. నేను కలం అందించాను. దాన్ని నాకే తిరిగి ఇచ్చేశాడు.

"సంతకం మాత్రం పెట్టను. మా పాప టీచరమ్మ కాడ సదువుతాంది. మునసామి రాకుండా ఈడ సంతకం పెడితే ఇంట్లో నాకు కూడు పెట్టేది లేదని చెప్పేసినారు."

ఆ మాటకు కంపోజిటర్లు తల వంచుకొని నవ్వుకున్నారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

టీచరమ్మ అన్న మాట ఊళ్లో పాకింది. తర్వాత అదే వరస. వచ్చినవాళ్లు ఎవరూ పోట్లాడలేదు, పని వెనక్కి తీసుకోలేదు. ప్రూఫు చూసేవాళ్లు, బాగుంది అనేవాళ్లు, మునసామి వచ్చినాక వస్తాం అని వెళ్లేవాళ్లు. పది రోజుల్లో ఏడు కార్డులకు కూర్చిన అక్షరాలు, చెదరకుండా కట్టిన దారాలతో అలాగే బల్ల మీద మిగిలాయి. పెళ్లి కార్డులో ఎన్ని 'శ్రీ'లు పడతాయో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. దేవుడికి ఒకటి, తాతకు ఒకటి, తండ్రికి, వియ్యంకుడికి, మేనమామకు. మా దగ్గరున్న 'శ్రీ'లన్నీ ఆ ఏడు కార్డుల్లో ఇరుక్కున్నాయి. ఎనిమిదో కార్డు మొదలుపెట్టి గడిలో చెయ్యి పెడితే అడుగు చెక్క తగిలింది. కొత్త టైపు కోసం మద్రాసుకు రాస్తే, యుద్ధం నాటి కరువు ఇంకా తీరలేదని, నెలలు పడుతుందని జవాబు వచ్చింది. కార్డులు విప్పేసి టైపు పంచుదామంటే పార్టీలు పని రద్దు చేయలేదు. పైగా ఊళ్లో ఏడాది పొడవునా మాకు పనిచ్చేది ఆ ఇళ్లవాళ్లే.

పదకొండో రోజు మొదలాళి నన్ను గదిలోకి పిలిచాడు. చెంగల్‌రెడ్డి ప్రూఫు మరో ప్రతి తీయించి బల్ల మీద పెట్టుకొని ఉన్నాడు.

"ఇందులో ఆయన బదులు నువ్వు సంతకం పెట్టు. అచ్చేసి ఇంటికి పంపిస్తే ఊరికే పారేస్తాడా? ముహూర్తం దగ్గిరికొచ్చేసింది, తీసుకోక ఏం చేస్తాడు?"

కలం నా చేతిలో ఉంది. ఈ ఒక్క సంతకం పడితే మిగతా కార్డులూ ఇలాగే యంత్రమెక్కి బల్ల ఖాళీ అవుతుంది, నా ఉద్యోగం నిలబడుతుంది. మునసామన్న నాకు నేర్పిన మొదటి నియమం ఫోర్మన్ సంతకం వేరు, పార్టీ సంతకం వేరు అన్నదే. ఒకటి పని జరిగిందని చెప్తుంది, ఇంకొకటి పని ఒప్పుకున్నామని చెప్తుంది. ఆ ఒప్పుకోలు నాది కాదు.

"పార్టీ సంతకం నేను పెట్టకూడదు మొదలాళీ" అన్నాను.

"నిన్ను ఫోర్మన్ చేసింది ఎవురురా?"

కలం బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఇది ధైర్యం అని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. సగం నియమం, సగం భయం. రేపు చెంగల్‌రెడ్డి వీధిలో నిలబడి నా పేరు పెట్టి అరిస్తే మా నాయన తలెత్తుకోగలడా అన్నది కూడా నా మనసులో ఉంది. కలం మాత్రం మళ్లీ తీసుకోలేదు. మొదలాళి తలుపులోంచి బల్ల మీది ఏడు కార్డుల వైపు చూసి, ప్రూఫు పక్కకు నెట్టేశాడు. చివరికి, "పో, పోయి వాణ్ణి పిలుచుకొని రా" అన్నాడు.

మునసామన్న ఇంటికి వెళ్లేసరికి ఆయన వాకిట్లో మంచం నులక బిగిస్తున్నాడు. క్షమించమని ఎలా మొదలుపెట్టాలా అని దారంతా కూడబలుక్కున్నాను. ఆయన నన్ను నోరు తెరవనివ్వలేదు.

"శ్రీలు ఎన్ని మిగిలినాయిరా?"

"ఒక్కటీ లేదన్నా."

ఆయన నులక వదిలేసి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. నాకు మాత్రం నిజంగానే ఏడుపు వచ్చింది. "సాల్లే, నడువు. ఆ కుర్చీ ఎక్కినప్పటి నుంచి నీకు నిద్ర పట్టినట్టు లేదు, మొగం సూస్తే తెలస్తాంది" అన్నాడు. ఆయన మన్నింపు అంతే. ఆ మాట వినకుంటే ఆ అచ్చాఫీసులో మళ్లీ తలెత్తి పని చేయగలిగేవాణ్ణి కాను.

వారం సెలవు, రాతపూర్వక కారణం, సబ్బు మూడింటికీ మొదలాళి ఒప్పుకున్నాడు. మునసామన్న ఫోర్మన్ అయ్యాడు, నేను మళ్లీ కంపోజిటర్‌నయ్యాను. ఆ రోజే సంఘం పుస్తకంలో నా పేరు రాశాను. చెంగల్‌రెడ్డి వచ్చి ప్రూఫు అడుగున సగం కాగితం పట్టేంత సంతకం చేశాడు. మిగతా అయిదుగురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు.

ఎస్తేరమ్మ గారు రాలేదు. చెల్లెలి పెళ్లి అంతకు రెండు రోజుల ముందే అయిపోయింది. దగ్గరివాళ్లకు పోస్టుకార్డులు చేత్తో రాసి పంపిందట. ఆ కార్డు కోసం కూర్చిన అక్షరాలను మునసామన్న ఎవరినీ ముట్టనివ్వలేదు. తనే విప్పి గడుల్లో వేశాడు.

తర్వాత చాలా ఏళ్లకు, మునసామన్న తర్వాత మళ్లీ ఫోర్మన్‌నైన నేను రిటైరు కావడానికి కొంచెం ముందు, ఆ చెల్లెలు ఏదో రసీదు పుస్తకాల పని మీద మా దగ్గరికి వచ్చింది. మాటల్లో ఆ పెళ్లి సంగతి వచ్చింది. అచ్చు కార్డు పంపలేదని, తమను తక్కువ చేశారని ఆమె మామగారు చాలాకాలం దెప్పాడట. పండగకు పుట్టింటికి బయల్దేరిన ప్రతిసారీ ఆ మాట ఎత్తేవాడట. ఎస్తేరమ్మ గారూ ఆ మాటలన్నీ పడింది గానీ, కార్డు ఎందుకు వేయించలేదో ఆయనకు గానీ, తను పడ్డ మాటల సంగతి మాకు గానీ ఒక్కసారీ చెప్పుకోలేదు. నేను ఆమెకు కృతజ్ఞతలు చెప్పాలనుకునే సరికి ఎస్తేరమ్మ గారు పోయి అయిదేళ్లయింది.

నేను నేర్చుకున్నది ఇది. మాకు దొరికిన సెలవూ, సబ్బూ మేం అడిగినందుకే రాలేదు. మా గొడవతో ఏ సంబంధమూ లేని ఒక టీచరు తన చెల్లెలి పెళ్లి కార్డును వదులుకుంటే వచ్చాయి. రెండోసారి ఫోర్మన్ అయినప్పటి నుంచి నా కింద చేరిన ప్రతి కంపోజిటర్‌కూ మొదటి రోజు ముందు సబ్బు ఉన్న చోటు చూపించి, అది ఎవరివల్ల వచ్చిందో చెప్పి, ఆ తర్వాతే అక్షరాల పెట్టె దగ్గరికి తీసుకెళ్లాను.