సముద్రానికి మా అత్త ఇచ్చిన బాగిన

నిన్న పొద్దున బళ్ళారి బ్రూస్‌పేటలో మా వీధి మొదట్లో ఒక ఆటో ఆగి, మైకులో ఒకసారి కన్నడంలో, ఒకసారి తెలుగులో, మధ్య మధ్య ఉర్దూ కలిపి చెవులు చిల్లులు పడేలా అరిచింది. మైదానంలో సముద్ర లోకం మళ్లీ వచ్చిందట. గాజు సొరంగంలో నడవవచ్చట, తలమీద చేపలు ఈదుతాయట, ప్రాణమున్న మత్స్యకన్యను కళ్లారా చూడవచ్చట. నేను అప్పుడు గేటు దగ్గర కొత్తిమీర బేరమాడుతున్నాను. బేరం మరిచిపోయి నాలో నేను నవ్వుకుంటుంటే, తన కొత్తిమీర వాడిపోయిందనే నవ్వుతున్నాననుకొని ఆ అమ్మి అడక్కుండానే ఇంకో కట్ట వేసింది. ఆమెకు ఎక్కడినుంచి చెప్పుకురాను? కొన్నేళ్ల కిందట ఇలాంటి సముద్ర లోకమే వచ్చినప్పుడు మేమూ ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఊరంతా చేపలను చూడటానికి పోతే, మా అత్త మాత్రం సముద్రానికి మొక్కు తీర్చటానికి పోయింది.

ఆ మొక్కు సంగతి ముందు చెప్పాలి. కురుగోడు దగ్గర మా అత్తమామలకు కాలువ చిట్టచివర మడి ఉంది. కాలువ చివర మడి అంటే ఏమిటో తెలియాలంటే పెళ్లిలో ఆఖరి పంక్తిలో చివరి ఆకు ముందు కూర్చొని చూడాలి. వడ్డించేవాళ్లు వస్తున్నట్టే ఉంటారు, పాయసం మాత్రం మన దాకా రాదు. మా ఆయన ఇంకా ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, ఒక ఏడు వరి సరిగ్గా పొట్టకొచ్చిన వేళ కాలువ ఎండిపోయింది. మా అత్త గట్టుమీద నిలబడి దండం పెట్టుకుంది. మా వైపు నీళ్లొచ్చినప్పుడు ఆడవాళ్లు గంగమ్మకు బాగిన ఇస్తారు. రెండు కొత్త వెదురు చేటలు తీసుకొని, ఒకదాంట్లో పసుపు, కుంకుమ, గాజులు, అద్దం, దువ్వెన, రవికె గుడ్డ, బియ్యం, కందిబేడలు, బెల్లం, టెంకాయ పెట్టి, రెండోది దానిమీద బోర్లించి నీళ్లలో వదులుతారు. మామూలు మొక్కయితే కాలువకు, మరీ పెద్దదయితే హొసపేట డ్యాముకు. మా అత్తకు ఏదీ చిన్నగా చేయటం చేతకాదు. "గంగమ్మ తల్లీ, నా మడి తడిపితే నువ్వు చివరికి పొయ్యి చేరే సముద్రానికే వచ్చి బాగిన ఇస్తా" అనేసింది. మూడో రోజు నీళ్లొచ్చాయి. వరి పండింది, తిన్నారు, అరిగింది. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది.

సముద్రానికి పోవటం మాటలా? ఏటా అనుకునేవాళ్లు. ఒక ఏడు మిరప కోతలు అడ్డం, ఒక ఏడు పత్తి, ఇంకో ఏడు గేదె ఈనింది. ఇంట్లో ఏ చిన్న కష్టమొచ్చినా అది సముద్రం పనేనని మా అత్త తేల్చేసేది. గేదె తన్నినా, మా ఆయనకు జ్వరమొచ్చినా, టీవీ చెడిపోయినా సముద్రమే. మా మామకు ఈ వాదం మొదటినుంచీ నచ్చలేదు. "మన మడిలోకొచ్చిన నీళ్లు మన మడిలోనే ఇంకిపాయె. అవి సముద్రానికి యాడ పొయ్యినాయి? నీ మొక్కే చెల్లదుమ్మే" అనేవాడు. ఏ కోర్టులో వేసినా ఆయనే గెలిచేవాడు. కానీ ఇంట్లో ఎవరు గెలుస్తారో అందరికీ తెలిసిందే కదా.

నవ్వులాటగా సాగిన ఆ మొక్కు, మా మామకు గుండెలో స్టెంట్ వేసిన ఏడు నవ్వులాట కాకుండా పోయింది. దూరప్రయాణాలు వద్దని డాక్టరు చెప్పాడు. ఆయనను వదిలి మా అత్త అడుగు కదలదు. ఒకరోజు మేం కురుగోడు పోయినప్పుడు వంటింట్లో ఇద్దరం శనక్కాయలు ఒలుస్తుంటే, చేతులు ఆపి, "మీ మామ ఉండంగానే ఇచ్చేయాలమ్మే. ముత్తైదువ చేతి బాగినే బాగిన. రేపు ఆయప్పకు ఏమన్నా అయితే నా చేతిది ఎవురు పుచ్చుకుంటారు? సముద్రం గూడా పుచ్చుకోదు" అంది. ఆ నియమం పెట్టిందెవరో గాని, అప్పుడు నాకు వాళ్లమీద ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది. కానీ శనక్కాయల మీద టపటపా పడుతున్న ఆమె కన్నీళ్లతో నేనేం వాదించగలను? మా మామ మాత్రం బయట మంచం మీదనుంచే, "నా గుండెకు డాక్టరు గూడా గడువు పెట్టలేదప్పా, ఇది పెడతాంది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే బళ్ళారికి సముద్ర లోకం వచ్చింది. కురుగోడు బస్టాండులో పోస్టరు చూసి మా అత్త మా ఆయనకు ఫోన్ చేసింది. "సముద్రం బళ్ళారికి వచ్చిండాదంట కదప్పా! మనం పోలేకపోతే అదే వచ్చింది చూడు." మా ఆయన బడిపంతులు. అది సముద్రం కాదని, తొట్లలో పోసిన నీళ్లని, చేపలను డబ్బాల్లో తెస్తారని పావుగంట పాఠం చెప్పాడు. అంతా విని ఆమె, "సరే, ఆదివారం వస్తాండాం" అంది.

ఆదివారం కురుగోడు బస్సు దిగినప్పుడు చూడాలి ఆమెను! పెళ్లినాటి పట్టుచీర, మోచేతుల దాకా గాజులు, ఒడిలో పసుపు గుడ్డ చుట్టిన చేటలు. బస్సులో ఎవరికీ ఆ మూటను తగలనివ్వలేదట. వెనక మా మామ ఇస్త్రీ పంచె, తలకు మఫ్లరు. ఆయన హుషారు సంగతి వేరు. పోస్టరులో మత్స్యకన్య బొమ్మ చూసినప్పటినుంచీ గుండె నొప్పి మాటే ఎత్తలేదట.

గేటు దగ్గర కాపలావాడు మూట విప్పమన్నాడు. విప్పితే బెల్లం, టెంకాయ కనిపించాయి. "హొరగిన తిండి అలౌ ఇల్ల అమ్మా" అని, బయటి తిండి తెచ్చేవాళ్లను ఎంతమందిని చూశానో అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. మా అత్త కన్నడంలోనే నిదానంగా, "తిండి అల్లప్పా, బాగిన" అంది, తిండి కాదని. వాడు మా జిల్లావాడే. ఆ మాట వినగానే చటుక్కున చెయ్యి వెనక్కి తీసి, చేటలను తాకి కళ్లకద్దుకున్నాడు. "యారిగమ్మా?" అని అడిగాడు. ఎవరికని చెప్పాలి? "సముద్రక్కె" అంది మా అత్త. వాడు ఒకసారి లోపలి నీలం దీపాలను, ఒకసారి ఆమెను చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

సొరంగం బాగుందనే చెప్పాలి. తలమీద గాజు, గాజుమీద నీళ్లు, నీళ్లలో తట్టంత చేపలు. నాకు భయం వేసి, ఏమాత్రం పగిలినా ముందు నేనే పరుగెత్తాలని చెప్పులు చేత పట్టుకొని నడిచాను. మా ఆయన ప్రతి బోర్డు ముందూ ఆగి, ఏ చేప ఎన్నేళ్లు బతుకుతుందో, ఏం తింటుందో మాకు చదివి వినిపించాడు. మా మామ వాటిలో ఒకదాని ముఖం అచ్చం తన తమ్ముడి ముఖంలా ఉందని చాలాసేపు దానితోనే మాట్లాడాడు. మా అత్తకు ఇవేవీ పట్టలేదు. బాగిన ఎక్కడ వదలాలా అని గాజు అంచులు వెతుక్కుంటూ పోయింది. అటు మూల ఒక పనివాడు తొట్టి కడుగుతూ బకెట్టుతో నీళ్లు తోడుతున్నాడు. ఆమె వంగి, బకెట్టులో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

ఆమె ముఖం అప్పుడు వాడిపోయిన తీరు నాకు ఇంకా కళ్లముందే ఉంది. "ఉప్పు లేదు" అంది. ఇంకోసారి ముంచి నాకింది. నలభై ఏళ్లు మడికి నీళ్లు కట్టిన మనిషి, నీళ్ల రుచి ఆమెకు తెలియదా? "బోరు నీళ్లు గూడా కాదమ్మే. మన కాలువ నీళ్లే!" అని అక్కడే నేలమీద కూలబడింది. మా ఆయన, "నేను ముందే చెప్పలేదా అమ్మా" అన్నాడు. చెప్పిన మాట నిజమైనా, అనకూడని సమయమొకటి ఉంటుంది. పంతుళ్లకు అది బొత్తిగా తెలియదు. నేను కళ్లెర్రజేసేసరికి ఆయన పక్క బోర్డు చదువుకోవటానికి పోయాడు. మా అత్త చేటలు ఒళ్లో పెట్టుకొని, "ఇంగ నా చేత కాదు. ఇంగ తీరదు" అని మెల్లగా ఏడ్చింది. చేపలు పైన తిరుగుతూనే ఉన్నాయి. నాకు వాటిమీద కూడా కోపం వచ్చింది.

ఆ దుఃఖంలో మా మామ వచ్చి, "లేమ్మే, మచ్చకన్నెనన్నా చూసి పోదాం" అన్నాడు. ఆయన్ను తిట్టటానికయినా లేస్తుందని నేనూ లేపాను. పెద్ద గాజు తొట్టిలో ఒక అమ్మాయి, నడుం కిందినుంచి పచ్చటి చేప తోకతో, గుండ్రంగా తిరిగి, చెయ్యూపి, ఊపిరి కోసం పైకి పోయి మళ్లీ దిగింది. మా మామ కూడా చెయ్యూపాడు. ఆట అయిపోయాక మేం బయటికి దారి వెతుక్కుంటూ ఒక తెర వెనక్కి పోయాం. చూస్తే ఆ మత్స్యకన్యే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, తువ్వాలు కప్పుకొని, చలికి వణుకుతూ టీ తాగుతోంది. తోక ఇంకా అలాగే ఉంది. మమ్మల్ని చూసి, "ఇటేపు రాకూడదండి, దారి అటేపుంది" అంది, తెలుగులో.

మా అత్త ఆగిపోయింది. "తెలుగు పిల్లవా? ఏ ఊరమ్మా?"

"శ్రీకాకుళం కాడ మామ్మా. మాది సముద్రం ఒడ్డే. మా అయ్య సేపల ఏటకెళ్తాడు."

"ఉప్పు నీళ్ల సముద్రమేనా?"

ఆ అమ్మాయి మా అత్తను వింతగా చూసి, "మరి ఇంకెలాగుంటాది మామ్మా?" అంది.

మా అత్త ముఖంలోకి ప్రాణం లేచివచ్చింది. అయినా పద్ధతి పద్ధతే. పెండ్లయిందా అని అడిగింది, మెడలో ఏదీ ఎందుకు లేదని అడిగింది. ఇద్దరు పిల్లలున్నారని, పుస్తెలు నీళ్లలో వేసుకోనివ్వరు గనుక సంచీలో పెట్టుకుంటానని చెప్పి, ఆ అమ్మాయి తీసి చూపించింది. "ముందు వేసుకో" అని మా అత్త తానే ఆమె మెడలో వేసి, ముఖానికి బొట్టు పెట్టి, నలభై ఏళ్ల మొక్కు సంగతి రెండు మాటల్లో చెప్పింది. ఊరికి పోయినప్పుడు తన పేరు చెప్పి సముద్రంలో వదలమంది. ఆ అమ్మాయి టీ గ్లాసు కింద పెట్టి, చెయ్యి తుడుచుకొని, తలూపింది.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. బాగిన ఒట్టి చేతులతో ఇవ్వరు. ఇచ్చేవాళ్ల చీర సెరగు చేటమీద కప్పాలి, పుచ్చుకునేవాళ్లు తమ సెరగు పట్టి అందుకోవాలి. చేపకు సెరగు ఎక్కడిది? తువ్వాలు పట్టబోతే మా అత్త ఒప్పుకోలేదు, అది తల తుడుచుకున్నది. తన మఫ్లరు ఇస్తానని మా మామ ముందుకొచ్చాడు, మగవాళ్లది పనికిరాదంది. నేను నా సెరగు పట్టబోతే, పుచ్చుకునేది నేను కాదంది. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, రెండు కాళ్లూ కలిపి తోక పైకెత్తి, దాని చివర రెక్కను రెండు చేతులతో ఒళ్లోకి లాక్కొని విసనకర్రలా పరిచింది. "ఇది సాలుతాదా మామ్మా?" అంది. మా అత్త దాన్ని పట్టి చూసి, బట్టేనని తేల్చుకొని, "సాలుతాదమ్మా" అంది. చేటలు ఆ పచ్చటి తోకమీద పెట్టి, "ఇస్తినమ్మా బాగిన" అంటే, "పుచ్చుకుంటినమ్మా బాగిన" అని ఆ అమ్మాయి మూడుసార్లూ తప్పులేకుండా పలికింది. మా మామ గోడవైపు తిరిగి భుజాలు ఎగరేస్తూ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎందుకో కళ్లు తుడుచుకున్నాను.

రెండు నెలల తర్వాత, వానలకు గుడారాలు ఎత్తేశాక, ఆ అమ్మాయి సముద్రం ఒడ్డునుంచి, నేను రాసిచ్చిన మా ఆయన నంబరుకు వీడియో కాల్ చేసింది. ఆ రోజు మేం కురుగోడులోనే ఉన్నాం. చేటలు నీళ్లలో వదిలింది. అల వచ్చి వెనక్కి తోసింది. మళ్లీ వదిలింది, మళ్లీ తోసింది. మా అత్త ఫోన్‌కు ముఖం ఆనించి, "పుచ్చుకోమ్మా, పుచ్చుకో!" అని కేకలు. "మన ఆఫీసుల మాదిరే ఉండాదే సముద్రం, మూడుసార్లు తిరిగితే గాని తీసుకోదు" అన్నాడు మా మామ. అన్నట్టుగానే మూడోసారి చేటలు తిరిగి రాలేదు. మా అత్త ఫోన్ దించి, మా మామ వైపు చూసి, "ఇంగ నువ్వు ఎప్పుడు పోయినా నాకేం భయం లేదప్పా" అంది. "సంత చేసుకొనొచ్చి పోతాలే" అన్నాడాయన, సంచీ తీసుకుంటూ.

తర్వాత రెండేళ్లకు, మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలుస్తానని పోయిన మా అత్త లేవలేదు. మా మామ పక్కన కూర్చొని, "నేనే ముందు పోతానని మమ్మల్ని ఊరంతా తిప్పితివి కదే" అన్నాడు. ఆయన ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు, ఎనభై దాటాయి, గుండె దివ్యంగా ఉందని డాక్టరు అంటాడు. తన చేతి బాగిన ఎవరూ పుచ్చుకోని రోజొకటి వస్తుందని ఆమె అంతగా భయపడింది. ఆ రోజు ఆమెకు రానే లేదు. రాని రోజు కోసం ఇంటిల్లిపాదీ పరుగులు పెట్టాం, వచ్చే రోజు వైపు ఒక్కరమూ తల తిప్పి చూడలేదు. కాలం ఏ వైపునుంచి వస్తుందో మనిషికి ఎప్పుడు తెలిసింది గనుక!