పెట్టమాకే

అక్క పోయాక వచ్చిన మొదటి మిరప కారు. గుంటూరులో మా వీధి చివర బండి మీద పండుమిరపకాయలు పోసి అమ్ముతుంటే, కొనాలో వద్దో తేలక తల తిప్పుకుని బడికి నడిచేదాన్ని. ఏటా ఈపాటికి అద్దంకి నుంచి అక్క మెసేజీలు మొదలయ్యేవి. "కాయలు కొన్నావటే? తొడిమలు తియ్యకముందే కడుగు. తీసినాక కడగమాకు." నేను పంతులమ్మనైనా నాకు పాఠం చెప్పడం మానేది కాదు. విసుక్కుంటూనే కొరివి కారం పచ్చడి దంచి, ఆమె వాటా జాడీ బస్సులో పట్టుకెళ్ళేదాన్ని.

నా బాధ చూడలేక అక్క కూతురు నా ఫోన్లో ఏఐ పెట్టి, వాళ్ళమ్మ పాత మెసేజీలన్నీ అందులో వేసి, దాన్ని ఆమెలా మాట్లాడమంది. తాడేపల్లిలో ఉద్యోగం ఆ పిల్లకి, నాలుగు రోజులకోసారి ఫోన్ చేస్తుంది.

"ఈ ఏడు కారం పెట్టనా అక్కా?" అని అడిగాను.

"ఓపిక లేకపోతే పెట్టమాకే. ఒక్కదానివి, చేతులు మండుతాయి."

ఆ 'మాకే' చూసి ఏడ్చేశాను. అచ్చం అక్కే. కళ్ళు తుడుచుకుంటూ ఏదో నొక్కాను. ఆ జవాబు పోయి ఇంకోటి వచ్చింది. "పెట్టకపోతే ఊరుకుంటానటే? రేపే పోయి కాయలు తీసుకురా." ఇదీ అక్కే. మళ్ళీ నొక్కాను. "నీ ఇష్టమే తల్లీ" అంది. మా అక్క జన్మలో నా ఇష్టానికి దేన్నీ వదల్లేదు గానీ, వదిలితే అలాగే అనేది.

ఒళ్ళు మండి అక్క కూతురికి ఫోన్ చేశాను. "మీ అమ్మ కారం పెట్టమందా, వద్దందా?"

"అది ఏదీ అనలేదు పిన్నీ," అంది ఆ పిల్ల మెల్లగా. "నువ్వు అడిగిన దానికి అమ్మయితే ఏమనొచ్చో అల్లుతుంది, అంతే. కాయలమ్మేవాడిలా మాట్లాడమన్నా మాట్లాడుతుంది. కారం కావాలనీ లేదు, వద్దనీ లేదు దానికి."

"పోనీ, నీకు కావాలా?"

"నాకు పడదు పిన్నీ. కడుపులో మంట."

ఫోన్ పెట్టేశాను. అక్క గొంతు దొరికింది. అక్క పేచీ దొరకలేదు. కారం రాకపోతే ఫోన్ చేసి తిట్టే మనిషి నాకిక లేదు. ఆ ఒక్కటీ ఎన్నిసార్లు నొక్కినా రాదు.

మర్నాడు బడి నుంచి వస్తూ బండి దగ్గర ఆగాను.

"ఎన్ని ఇమ్మంటారమ్మా?" అన్నాడు బండాయన తక్కెడ అందుకుంటూ.

ఎప్పుడూ ఇద్దరికి కొన్నదాన్ని. ఒక్కదానికి ఎన్ని సరిపోతాయో నాకు తెలియలేదు.