బానెట్ కింద నాలుగు వాషర్లు

మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీద నాకు రేకుల షెడ్డు ఉన్న రోజుల్లో, ఏసీ గదుల సర్వీసు సెంటర్లంటే నాకు ఒళ్ళు మంట. ఇప్పటికీ చల్లారలేదు. టై కట్టుకున్నాయన బండికి కంప్యూటర్ వైరు గుచ్చి, తెర మీద ఏ తప్పూ కనబడకపోతే "బాగానే ఉంది సార్" అని పంపించేవాడు. బాగానే ఉన్న ఆ బండి మరునాడు నడిరోడ్డు మీద ఆగేది. నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. ట్రాక్టర్లు, బావుల మీది డీజిల్ ఇంజన్లు, లారీలు, పాత కార్లు విప్పి, బిగించి, చివరికి ఒక నట్టు మిగిలిపోతే అది ఎక్కడిదో తెలిసేదాకా మళ్ళీ విప్పి నేర్చుకున్నాను. ఇంగ్లీషు పుస్తకంలో ముందు బొమ్మ చూసేవాణ్ణి. తరవాత డిక్షనరీ దగ్గర పెట్టుకుని కింద ఏం రాశారో చదివేవాణ్ణి. డిప్లొమా కాగితం లేదని నన్ను గేటు బయటే నిలబెట్టిన వర్క్‌షాపులు ఎన్నో నాకు గుర్తే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరు మీదున్న కాలం. చేల మధ్య ఫామ్‌హౌసుల గోడలు లేస్తున్నాయి. సురంగల్ దారిలో కొత్త ప్లాట్లలో ఇల్లు కట్టుకున్న ఒకతను ఎండాకాలం మొదట్లో నా షెడ్డుకు వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, ముప్పై దాటి ఉంటాయి. నల్లటి విదేశీ సెడాన్, సెకండ్ హ్యాండ్‌ది, టర్బో బండి. ఇంజన్ వదిలే పొగ వేగంతోనే ఒక చక్రాన్ని తిప్పి, దానితో ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని తోసే సరుకు ఈ టర్బో. బలం ఎంత ఇస్తుందో వేడీ అంతే ఇస్తుంది.

బానెట్ ఎత్తి చూశాను. సిటీలో ఎవరో అంతకన్నా పెద్ద టర్బో బిగించారు. పాతదాని మీద ఉండే రేకు కప్పు కొత్తదానికి సరిపోలేదని తీసి పారేశారు. గాలి ఫిల్టర్‌ను దాని డబ్బాలోంచి బయటికి లాగి, తళతళా కనబడాలని తీసుకెళ్ళి ఆ నిప్పుకుంపటి పక్కనే నిలబెట్టారు. చల్లగాలి పీల్చాల్సింది పొయ్యి సెగ పీలుస్తోంది. పక్కనున్న నీళ్ళ గొట్టం ఎండి పగుళ్ళు వేసింది.

"ఎవడు బిగించిండు సారూ దీన్ని? పెండ్లి పందిరి లెక్క మెరుపులు పెట్టిండు గని, ఇంజన్‌కు ఊపిరి ఎట్ల ఆడుతదో చూడలే."

అతను నవ్వలేదు. "ట్రాఫిక్‌లో పావుగంట నిలబడితే చచ్చిపోతోంది బాబాయ్. మొన్న ఎండలో మా ఆవిడ ఉండగా ఆగిపోయింది. నన్ను ఆఫీసు బస్సు తీసుకెళ్తుంది. ఇది రోజూ నడిపేది తనే, చేవెళ్లలో కాలేజీకి. అక్కడ లెక్కలు చెబుతుంది. ఇంకొక్కసారి రోడ్డు మీద ఆగితే అమ్మేయాలంది. సరేనని మాటిచ్చాను."

"అమ్మరాదు మరి? ఇంత లొల్లి ఎందుకు?"

అతను బండి మీద చెయ్యి వేసి చెప్పాడు. "మా నాన్న రైసుమిల్లు ఓనరు గారి కారు ఇరవై ఏళ్ళు తోలాడు. రోజూ తుడిచేవాడు. ఒక్కసారి ఎక్కించమని అడిగితే, మనది కానిది ముట్టుకోకూడదురా అనేవాడు. ఇది మాది బాబాయ్."

అప్పటిదాకా డబ్బు మదం అనుకున్నాను. ఆ మాట విన్నాక చెయ్యి చాపి తాళాలు తీసుకున్నాను.

వారం రోజులు ఆ బండి మీదే పడ్డాను. గిన్నెల దుకాణంలో స్టీలు పళ్ళేలు కొని, కోసి, వంచి, టర్బోకు తొడుగు చేశాను. రెండు పొరలు, మధ్య వేలు పట్టే సందు. రేకు రేకుకు తగిలితే వేడి దాటుతుంది, మధ్యలో గాలి ఉంటే ఆగుతుంది. పొగ గొట్టానికి వేడిని ఆపే నార పట్టీ బిగించి చుట్టాను. ఎదురుగా టీ హోటల్ నడిపే ఆయన రోజూ రోడ్డు దాటి వచ్చి చూసేవాడు.

"ఏందన్నా, కారుకు స్టీలు పల్లాలు పెడుతున్నవ్? అన్నం గిట్ట తింటదా?"

"నీ హోటల్ల బువ్వ మనుషులు తింటలేరు గద. జర తెచ్చి దీనికన్న పెట్టు."

ఫిల్టర్ చుట్టూ డబ్బా కట్టి, ముందు జాలీ నుంచి దానికి ఒక గొట్టం వేశాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

మా రోజుల్లో బండి కాగితే డ్రైవర్లు ఒక పని చేసేవారు. బానెట్ వెనక కీళ్ళ కింద వాషర్లు, అంటే నట్టు కింద వేసే లావు ఇనుప బిళ్ళలు, పెట్టి, అద్దం వైపు వేలు దూరేంత సందు వదిలేవారు. వేడి పైకి లేస్తుంది కదా, అటునుంచి పోతుందని. నేనూ అదే చేశాను. కీలుకు రెండు చొప్పున నాలుగు వాషర్లు పెట్టి, అడ్డమొచ్చిన రబ్బరు పట్టీ ఊడదీసి డిక్కీలో పడేశాను. ఇద్దరం లారీల వెనకే నెమ్మదిగా మెహిదీపట్నం దాకా వెళ్ళి, ఆ రద్దీలో గంటసేపు నత్తలా కదిలి, అలాగే తిరిగి వచ్చాం. సందులోంచి సెగ అలలు అలలుగా లేస్తోంది. బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. సర్వీసు సెంటర్ వాళ్ళను పిలిచి చూపించాలన్నంత గర్వం నాకు.

సోమవారం పొద్దున ఆమె చేవెళ్లకు బయలుదేరింది. ముడిమ్యాలకు పోయే దారి దగ్గర వేడి ముల్లు ఎర్రగీత వైపు ఎక్కడం చూసి, ఆవిరి లేవకముందే పక్కకు తీసి ఆపేసింది. ఆటో పట్టుకుని క్లాసుకు వెళ్ళిపోయింది. ఇంకో రెండు మైళ్ళు తోలి ఉంటే ఇంజన్ పోయేది. అతను సెలవు పెట్టి నా దగ్గరకు వచ్చాడు. నా స్కూటర్ మీద ఇద్దరం వెళ్ళాం. "మాటిచ్చాను కదా బాబాయ్, అమ్మేస్తాను" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బండి చల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం. అక్కడ ఒక అవ్వ ఫామ్‌హౌసు గోడ ముందు వడ్లు తూర్పార పడుతోంది. గాలి గోడ వైపు బాగానే వీస్తోంది. ఆమె చేట ఎత్తి పోస్తుంటే పొట్టు కొంత దూరం పోయి, తిరిగి ఆమె ముఖం మీదికే వస్తోంది.

"ఏందవ్వా, గాలి మర్లిందా?"

"గాలి ఎందుకు మర్లుతది కొడుకా? గీ గోడ లేసింది గద! దానికి కొట్టుకోని మళ్ళ నా కండ్లల్లకే వస్తున్నది. మొన్నటిదాంక గీడ బయలుండె. ఎవనికి చెప్పుకుందు?"

నేను గోడ వైపు చూశాను. తరవాత కారు అద్దం వైపు చూశాను. సరిగ్గా దాని ముందే నేను వదిలిన సందు ఉంది.

అవ్వ గోనెసంచి నుంచి నాలుగు దారాలు అడిగి తీసుకుని, సందుకు ముందు బానెట్ మీద ప్లాస్టర్‌తో అంటించాను. ఇంజన్‌లో నీళ్ళు సరిచూసి, అతణ్ణి తోలమని పక్కన కూర్చున్నాను. నెమ్మదిగా పోతున్నంతసేపు దారాలు సెగకు పైకి ఎగిరాయి. వేగం అరవై దాటగానే ఒక్కొక్కటే వంగి, సందులోకి దూరిపోయాయి. ముందునుంచి వచ్చే గాలి అద్దానికి కొట్టుకుని ఆ సందులోంచి లోపలికే దిగుతోంది. లోపల గాలి నిండిపోతే, నీళ్ళను చల్లార్చే రేడియేటర్‌లోంచి వచ్చే గాలి ఎటు పోతుంది? నిలబడ్డ బండికి మేలు చేసిన సందు పరిగెత్తే బండి గొంతు నొక్కింది. లారీలు ముప్పై, నలభైలో నడిచిన కాలం నాటి ఉపాయం అది. నలభై ఏళ్ళు దాన్ని తెలివి అనుకున్నాను.

అక్కడే వాషర్లు తీసి రబ్బరు పట్టీ మళ్ళీ బిగించాను. తిరుగు దారిలో వందలో తోలినా ముల్లు కదల్లేదు.

"మా ఆవిడకి ఇదంతా చెప్పకండి బాబాయ్. మీరెందుకు మాటపడటం" అన్నాడతను.

"గట్లెట్ల బిడ్డా? తప్పు నాది, శిక్ష బండికా?"

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె పేపర్లు దిద్దుతోంది. కూర్చోమంది. వాషర్ల సంగతి, దారాల సంగతి మొదటినుంచి చెప్పాను. ఎర్ర పెన్ను మూసి పక్కన పెట్టింది.

"అంటే నా బండికి బానెట్ ఎత్తిపెట్టారు, ఎత్తినట్టు నాకు చెప్పలేదు."

"చెప్పలేదమ్మా."

"ఆగింది మీవల్ల. బండి వల్ల కాదు. సరే, అది లెక్కలోకి తీసుకోను." భర్త ముఖం వెలిగింది. ఆమె అతని వైపు తిరిగింది. "ఆగండి. పెద్ద టర్బో వేశారు, అడిగారా? స్టీలు తొడుగులు వేశారు, అడిగారా? రోజూ నలభై నిమిషాలు అందులో కూర్చునేది నేను. నీకేం ఇబ్బంది అని ఇద్దరిలో ఒక్కరైనా అడిగారా?"

వైరు గుచ్చి తెర చూసి పంపించేవాణ్ణి తిట్టేవాణ్ణే గాని, నేనూ బండినే చూశాను, తోలేవాళ్ళను చూడలేదు.

"ఇప్పుడు అడుగుతున్నమ్మా. ఏం ఇబ్బంది?"

"కాళ్ళు కాలుతున్నాయి బాబాయ్ గారూ. ఆ టర్బో మార్చినప్పటినుంచీ ఎడమ కాలు పెట్టే చోట పెనం మీద పెట్టినట్టు ఉంటోంది. ఇంటికొచ్చి బకెట్లో నీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుంటున్నాను. ఆయన బండిలో పాటల సౌండు బాగుందా అని అడుగుతారు, దీని గురించి అడగరు. ఈ కాలు కాలకుండా చేవెళ్ల చేరిస్తే బండి ఉంటుంది. లేకపోతే లేదు."

మరునాడు తెల్లవారగానే బండి కింద వెల్లకిలా పడుకుని చూశాను. సిటీవాళ్ళు వేసిన లావు పొగ గొట్టం ఆమె కాలు ఆనే చోటికి జానెడు దూరంలో, ఏ అడ్డూ లేకుండా దిగుతోంది. పైన కనబడేంత వరకే నేను నార పట్టీ చుట్టాను. కింద కనబడదు, కాబట్టి చుట్టలేదు. సిగ్గేసింది. చివరిదాకా చుట్టి, నేల రేకుకూ గొట్టానికీ మధ్య రెండు పొరల స్టీలు రేకు సందు వదిలి బిగించాను. మధ్యాహ్నం దాటింది. ఆ పూట సెలవు పెట్టి షెడ్డుకు వచ్చిన ఆమే, ఎండ నెత్తిన ఉండగానే వెళ్దామంది.

ఆమె తోలింది, నేను పక్కన కూర్చున్నాను. షెడ్డు దాటగానే ఎడమ కాలి చెప్పు విడిచి, ఉత్త పాదం నేలకు ఆనించింది. నేను వేడి ముల్లును చూడలేదు, ఆ పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. ఊళ్ళు వచ్చాయి, పోయాయి. చేవెళ్ల బస్టాండ్ ముందు బండి ఆపి, ఆమె భర్తకు ఫోన్ చేసింది.

"అమ్మొద్దులెండి" అంది. పాదం ఇంకా నేల మీదే ఉంది.