డెటెలీనా బిగించిన బ్రేకు

వెల్కో ముప్పై ఏళ్లు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేశాడు. అది మూతపడ్డాక ఒక పాత లేతును తెచ్చి పెరటి కొట్టంలో పెట్టుకున్నాడు. బాల్కన్ కొండల కిందున్న మా ఊరు గోర్నో పోలేలో ఇనుముతో పనిపడితే అందరం అతని దగ్గరికే వెళ్లేవాళ్లం. ఎవరైనా మెచ్చుకుంటే విననట్టే ఉండేవాడు. సాయంత్రం మాత్రం భార్య స్టోయంకాకి పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. మాది పక్కిల్లు కాబట్టి నాకివన్నీ తెలుసు.

చిన్ననాటి స్నేహితుడు రాంగెల్‌తో కలిసి వెల్కో ఒక బగ్గీ, అంటే గతుకు నేల మీద పరుగెత్తే చిన్న పందెపు బండి, కట్టడం మొదలుపెట్టాడు. ఇనుప గొట్టాల చట్రం, పాత మోటార్‌సైకిల్ ఇంజను, దాన్నుంచి వెనక ఇరుసుకు గొలుసు. రాతిక్వారీలో ఏటా జరిగే పందెంలో దాన్ని దింపాలని ఇద్దరి కోరిక. ముందు చక్రాలకు పాత కారు బ్రేకులు సరిపోయాయి. చిక్కంతా వెనక బ్రేకుతోనే. దాన్నెలా అమర్చాలా అని వెల్కో రెండు వారాలు కాగితాల మీద బొమ్మలు గీశాడు, చెరిపాడు.

అంతలో రాంగెల్ ఆ పని డెటెలీనాకి అప్పగించాడు. ఆమె మోటార్‌సైకిళ్లు బాగుచేస్తుంది. నలభై ఏళ్ల మనిషి, ఊరికి వచ్చి మూడేళ్లే అయింది.

"లేతు మీద నిన్ను కొట్టేవాడు లేడు, కాదనను," అన్నాడు రాంగెల్. "బ్రేకుల సంగతి మాత్రం ఆ పిల్లకి తెలిసినట్టు నీకు తెలీదురా."

రెండు రోజుల్లో ఆమె ఇరుసుకు డిస్కు ఎక్కించి, దాన్ని నొక్కిపట్టే క్యాలిపర్‌ను చట్రానికి బిగించింది. ఆదివారం పొలంలో నడిపిచూస్తే బండి ఎక్కడ తొక్కితే అక్కడే ఆగింది. డెటెలీనావి బంగారు చేతులని రాంగెల్ ఊరంతా చెప్పుకొచ్చాడు. అంతకుముందు ఆ మాట వెల్కోని గురించి అనేవాడు.

మర్నాడు ఎవరూ లేనప్పుడు వెల్కో బండి కింద దూరి చూశాడు. లోపం కనబడింది. నడిచేకొద్దీ గొలుసు సాగుతుంది. బిగించాలంటే ఇరుసును వెనక్కి జరపాలి. ఇరుసుతో డిస్కు జరుగుతుంది, చట్రానికున్న క్యాలిపర్ జరగదు. అప్పుడది డిస్కు అంచును మాత్రమే పట్టుకుంటుంది. గుక్కెడు రాకియా సారా గొంతు దిగినట్టు ఒళ్లంతా వెచ్చబడిందని తర్వాత నాతో ఒప్పుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారమంతా సరిగా తినలేదు. చిక్కుళ్ల సూప్ పక్కకు తోస్తుంటే స్టోయంకా అడిగింది:

"కోపం బండి మీదా, ఆ పిల్ల మీదా?"

"ఉప్పెక్కువైంది."

"అసలు వెయ్యనేలేదు."

శనివారం క్వారీలో సాధన. రాంగెల్ ఇరుసు వెనక్కి లాగి గొలుసు బిగించి, ఏటవాలు దిగడానికి బండెక్కాడు. వెల్కో వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"దిగు."

ఏమైందని రాంగెల్ బండి మీంచే అరిచాడు. డెటెలీనా వచ్చింది. వెల్కో వేలితో చూపించాడు. బ్రేకు ప్యాడ్లు సగానికి పైగా డిస్కు బయటే ఉన్నాయి. ఆమె మొహం ఎర్రబడింది.

"ఎప్పుడు చూశావు బాబాయ్?"

ఇప్పుడేనంటే సరిపోయేది. "సోమవారం," అన్నాడు. ఇంజను చప్పుడులో అది ఆమెకొక్కదానికే వినబడింది.

ఆమె వంగి ఇరుసును తడిమి చూసింది. తర్వాత, క్యాలిపర్‌ను ఇరుసు బేరింగ్ ఉన్న దిమ్మకే బిగిస్తే రెండూ కలిసి జరుగుతాయని, ఆ అతుకుముక్క చేసిపెట్టమని అడిగింది. వెల్కో ఆ మధ్యాహ్నమే చేసిచ్చాడు.

పందెంలో ఆరో స్థానం వచ్చింది. వెనక బ్రేకు చివరిదాకా పనిచేసింది. లోపం కనిపెట్టింది వెల్కో బాబాయని డెటెలీనా అందరికీ చెప్పింది. అతను సోమవారమే చూశాడన్న ఊసు రాంగెల్‌తో కూడా ఎత్తలేదు.

వెల్కో తట్టుకోలేకపోయింది దాన్నే. ఒకరోజు కంచె దగ్గర నాతో అన్నాడు:

"తప్పు పట్టుకున్నది నేను. మంచిమనిషి అయింది మాత్రం ఆవిడ."

"నీ పేరే చెప్పిందిగా," అన్నాను.

"అదే మరి," అని ద్రాక్షతీగలకు మందు కొట్టడానికి వెళ్లిపోయాడు.